పాత కౌంటీ స్కోరుకార్డు చదివేటప్పుడు

చి. రమణకు,

పాత కౌంటీ మ్యాచ్‌ల (ఇంగ్లండ్‌లో మన జిల్లాల్లాంటి కౌంటీల జట్లు ఆడే క్రికెట్) గురించి తెలుగులో రాస్తానంటున్నావు. తప్పకుండా రాయి. అయితే స్కోరుకార్డు చేతికి రాగానే ఇవాళ్టి లెక్కలు మొదలుపెట్టకు. ముందు పైనున్న సంవత్సరం చూడు.

ఇంగ్లండ్‌లో 1889కి ముందు ఓవర్‌కి నాలుగే బంతులు. ఆ ఏడాది నుంచి అయిదు, 1900 నుంచి ఆరు, 1939 సీజన్‌లో మాత్రం ఎనిమిది. అంటే ‘20 ఓవర్లు’ 1885లో అయితే 80 బంతులు, 1895లో 100, 1939లో 160. ఓవర్‌కి ఎన్ని పరుగులిచ్చాడని రెండు కాలాల బౌలర్లను పోల్చావంటే తప్పులో కాలేసినట్టే. బంతుల్లోకి మార్చుకుని పోల్చు. 1932లో హెడింగ్లీలో నాటింగ్‌హామ్‌షైర్ మీద యార్క్‌షైర్ స్పిన్నర్ హెడ్లీ వెరిటీ అంకెలు చూడు: 19.4-16-10-10. అంటే 19 ఓవర్ల 4 బంతులు, 16 మెయిడెన్లు (పరుగివ్వని ఓవర్లు), 10 పరుగులు, 10 వికెట్లు. ఆరు బంతుల ఓవర్లు కాబట్టి మొత్తం 118 బంతులు. అందులో పదహారు మెయిడెన్లు తీసేస్తే, ఇచ్చిన పది పరుగులూ మిగిలిన 22 బంతుల్లోనే వచ్చాయి. ‘పది పరుగులకి పది వికెట్లు’ అని ఊరుకునేకంటే ఈ లెక్క రాస్తే చదివేవాడికి ఆ బౌలింగ్ కళ్లకు కడుతుంది.

1910కి ముందు బంతి మైదానం బయట పడితేనే సిక్సర్. కాబట్టి ‘ఒక్క సిక్సరూ కొట్టలేదు’ అని బ్యాటర్‌ను తక్కువ చేయకు. 1900కి ముందు ఫాలోఆన్ (బాగా వెనకబడ్డ జట్టు వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగడం) తప్పనిసరి, ముందున్న జట్టు కెప్టెన్ ఇష్టం కాదు. ‘ఫాలోఆన్ ఆడించాడు’ అని రాస్తే లేని నిర్ణయాన్ని అతనికి అంటగట్టినట్టు.

పేర్లలోనూ చరిత్ర ఉంటుంది. 1962 చివరిదాకా అమెచ్యూర్లు (జీతం లేకుండా ఆడేవాళ్లు), ప్రొఫెషనల్స్ (జీతానికి ఆడేవాళ్లు) అని రెండు వర్గాలు. చాలా కార్డుల్లో అమెచ్యూర్‌కి మిస్టర్ అనో, పేరుకి ముందు ఇనీషియల్సో ఉండేవి. జీతగాడికి ఇనీషియల్స్ పేరు తర్వాత, లేదా అసలుండవు. అచ్చుతప్పనుకుని సరిచేయకు.

ఇంగ్లండ్ బ్యాటర్ జాక్ హాబ్స్ సెంచరీలు ఒకచోట 197, ఇంకోచోట 199 కనిపిస్తాయి. తేడా మన వైపు నుంచే వచ్చింది! 1930-31లో విజయనగరం మహారాజకుమార్ జట్టుతో భారత్, సిలోన్‌లలో ఆడినప్పుడు చేసిన రెండు సెంచరీలను ఫస్ట్‌క్లాస్ (పై స్థాయి, పలు రోజుల మ్యాచ్‌లు) లెక్కలో వేస్తే 199, వెయ్యకపోతే 197. ఏది వాడుతున్నావో చెప్పు. ఇది తెలుగువాడు వదులుకోకూడని ముక్క.

కౌంటీ ఛాంపియన్‌షిప్ అధికారికంగా 1890లో ఎనిమిది జట్లతో మొదలైంది, తొలి విజేత సర్రే. అంతకుముందు ‘ఛాంపియన్’లు పత్రికలు ప్రకటించినవాళ్లు, పత్రికకో పేరు కూడా ఉంటుంది. పద్దెనిమిదో జట్టు డరమ్ 1992లో చేరింది. పాతకాలపు వ్యాసంలో ‘పద్దెనిమిది కౌంటీలు’ అనకు.

కౌంటీల పేర్లు ఇంగ్లిషు అక్షరాలను బట్టి పలకకు, ఇలా రాయి: వూస్టర్‌షైర్, లెస్టర్‌షైర్, గ్లాస్టర్‌షైర్.

ఇంకొకటి. కెంట్ వాళ్ల కాంటర్‌బరీ మైదానంలో బౌండరీ లోపలే ఒక పెద్ద లైమ్ చెట్టు ఉండేది, బంతి దానికి తగిలితే నాలుగు పరుగులు. 2005 జనవరిలో గాలికి కూలింది. దాన్ని మాత్రం నిమ్మచెట్టు చేసెయ్యకు. ఇంగ్లండ్‌లో లైమ్ అంటే లిండెన్, నిమ్మకాయలు కాయదు.

మొదటి వ్యాసం అచ్చుకిచ్చే ముందు పంపు. ఓవర్ల లెక్క ఒకసారి చూసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య