కంటికి అంత బాగున్న పొలాలు ఫోటోలో ఎందుకు చప్పగా వస్తాయి?

పల్లెల వైపు వెళ్లినప్పుడల్లా పొలాలు, కొండలు కంటికి అద్భుతంగా ఉంటాయి, ఫోటోలో మాత్రం చప్పగా వస్తాయి, మంచి లెన్స్ కొంటే మారుతుందా అని అడిగారు.

మారదండి. నాకూ సరిగ్గా ఇదే బాధ ఉండేది. కనిపించేదంతా ఫ్రేమ్‌లో పట్టడం లేదు కాబట్టే ఫోటోలు తేలిపోతున్నాయని నమ్మి వైడ్ యాంగిల్ లెన్స్ కొన్నాను, కొన్నాక ఇంకా తేలిపోయాయి. అక్కడ నిలబడి చూస్తే ఆకాశాన్ని ఆనుకున్నట్టుండే కొండ, 16 ఎంఎంలో (ఈ అంకె ఎంత చిన్నదైతే ఫ్రేమ్‌లో అంత ఎక్కువ పడుతుంది, పెద్దదైతే దూరంవి దగ్గరగా కనిపిస్తాయి) తీస్తే ఎక్కడో దూరంగా సన్నటి గీతలా మిగులుతుంది, మిగతాదంతా ఖాళీ నేల, ఖాళీ ఆకాశం.

చాలా రోజులకి అర్థమైంది ఏంటంటే, మన కన్ను అంతా ఒకేసారి చూడదు. ముందు ఆ ఒంటరి చెట్టు మీద పడుతుంది, అక్కణ్ణుంచి గట్టు వెంట పోతుంది, మధ్యలో ఉన్న కరెంటు స్తంభాన్ని అసలు పట్టించుకోదు. కెమెరా స్తంభాన్నీ చెట్టునీ ఒకేలా చూస్తుంది. కాబట్టి ఏరుకునే పని మనమే చేయాలి. ఇప్పుడు నేను కెమెరా తీసే ముందు ఒక్క నిమిషం ఆగి, ఇక్కడ నన్ను ఆపింది ఏది అని అడుగుతాను. 'పొలాలు బాగున్నాయి' అన్నది జవాబు కాదు. 'దుక్కి చాళ్లు వంపు తిరిగి నేరుగా ఆ చెట్టు మొదట్లోకి వెళ్తున్నాయి' అన్నది జవాబు. అది దొరికాక దానికి పనికిరానిదాన్ని నాలుగడుగులు పక్కకి జరిగో, కిందికి కూర్చునో, జూమ్ చేసో బయటికి పంపేస్తాను.

అందుకే నా ఫోటోల్లో ఎక్కువ భాగం 70 నుంచి 200 ఎంఎం మధ్యలో తీసినవే. దూరంగా ఉన్న కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి దగ్గరకొచ్చి, వెనక్కి పోయేకొద్దీ లేత నీలంగా మారుతూ కనిపిస్తాయి. ఫోన్‌తో తీసేవాళ్లయితే అందులో దూరం తీసే లెన్స్, అంటే 2ఎక్స్ లేదా 3ఎక్స్, ఉంటే అది వాడండి, వేళ్లతో లాగి పెద్దది చేయొద్దు. వైడ్ లెన్స్ వద్దని కాదు. కాళ్ల దగ్గర మీటరు దూరంలో గట్టి విషయం ఏదైనా ఉంటే, ఎండి పగిలిన బురదో, నిలిచిన నీళ్లో, అప్పుడు దానికి సాటి లేదు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరాలో 24 ఎంఎం, ఎఫ్/11 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెట్టి సుమారు 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 90 సెంటీమీటర్ల నుంచి కొండల దాకా అంతా తగినంత స్పష్టంగా వస్తుంది. ఎఫ్/22 దాకా మాత్రం వెళ్లకండి, డిఫ్రాక్షన్ వల్ల, అంటే మరీ చిన్న రంధ్రంలోంచి వెలుతురు చెదిరి రావడం వల్ల, మొత్తం ఫోటో మెత్తబడుతుంది.

ఇక వెలుతురు. నా ఉద్దేశంలో సగానికి పైగా సమస్య ఇక్కడే ఉంది. సూర్యుడు వీపు వెనక ఉండాలని ఎవరో ఒకరు మనకి చెప్పే ఉంటారు. అలా తీస్తే ప్రతి వస్తువు నీడా దాని వెనకే దాక్కుంటుంది, నేల చదును చేసినట్టు కనిపిస్తుంది. సూర్యుడు మీకు పక్కన ఉండాలి, బాగా కిందికి ఉండాలి. 10 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ వస్తువు ఎత్తుకి దాదాపు 6 రెట్లు ఉంటుంది, 5 డిగ్రీలకి దిగితే 11 రెట్లు దాటుతుంది. అంటే 10 సెంటీమీటర్ల మట్టిపెళ్ల కూడా మీటరు పైన నీడ వేస్తుంది, మధ్యాహ్నం కనిపించని చాళ్లన్నీ అప్పుడు లేచి నిలబడతాయి. కొలవడం సులువే. చెయ్యి బాగా చాపి, బొటనవేలు పైకి వచ్చేలా పిడికిలి బిగించి దిగంతం మీద పెట్టినట్టు పట్టుకుంటే దాని ఎత్తు సుమారు 10 డిగ్రీలు. సూర్యుడు ఆ పిడికిలి లోపలికి దిగాక మొదలుపెట్టండి (సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు).

నాకు ఎక్కువ నేర్పింది ఒకే ఒక చోటు. బాట మలుపు దగ్గర ఏటవాలు పొలం, దాని కొసన ఒక పాత చెట్టు. కొత్త చోట్లు వెతకడం మానేసి ఒక ఏడాది పాటు అక్కడికే వెళ్లాను. మొదటి చాలాసార్లు తీసినవి ఏవీ నిలవలేదు. తర్వాత మెల్లగా ఆ చోటు అలవాట్లు తెలిశాయి. వాన పడి రాత్రికి ఆకాశం తేటబడి, గాలి లేకపోతే తెల్లారేసరికి పల్లంలో పొగమంచు పేరుకుంటుంది, అలాంటి రోజు సూర్యోదయానికి 40 నిమిషాల ముందే అక్కడ ఉండేవాణ్ణి. పొగమంచుని కెమెరా బూడిద రంగులోకి దించేస్తుంది, అందుకని ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుతురు) ఒక స్టాప్, అంటే రెట్టింపు, పెంచాలి. నాకు బాగా ఇష్టమైన ఫోటో మాత్రం సాయంత్రం వచ్చింది. వాన వెలిసిన వెంటనే మబ్బు కింద నుంచి ఎండ దూసుకొచ్చి చెట్టు, చాళ్లు మెరిశాయి, వెనక ఆకాశం నల్లగా అలాగే ఉంది. అప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉంచే ఫైల్) తీశాను, వెలుగు తెల్లగా కాలిపోతే మళ్లీ రాదు, నీడల్ని మాత్రం తర్వాత కొంత పైకి తేవచ్చు. అదంతా ఐదారు నిమిషాల్లో అయిపోయింది.

ఆకాశంలో ఏమీ లేని రోజు దాన్ని సన్నటి పట్టీలా కత్తిరించేయండి, లేదా పూర్తిగా వదిలేయండి. పోలరైజర్ (లెన్స్ ముందు బిగించే ఫిల్టర్) ఒకటి ఉంటే మంచిదే, కానీ నీలాకాశం కోసం కాదు, తడి ఆకుల మీద మెరుపు తీసేయడానికి. ఎడిటింగ్‌లో ఆకుపచ్చని పెంచకండి, ఇంత కష్టపడి తెచ్చుకున్న వెలుతురు ప్లాస్టిక్‌లా అయిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్తాను, పైరు తొక్కొద్దు. గట్టు మీదే నడవండి, మనిషి కనిపిస్తే అడిగే దిగండి, అది ఒకరి బతుకుతెరువు. ఆ చెట్టున్న పొలం రైతుని మొదటిసారి అడగడానికి నేను చాలా మొహమాటపడ్డాను. తర్వాత ప్రింట్ తీసుకెళ్లి ఇస్తే ఆయన చాలాసేపు దాన్ని పట్టుకుని, మబ్బునీ చెట్టునీ వదిలేసి చాళ్ల వైపే చూశాడు. 'వచ్చే వారం చెట్టుకి అవతలి పక్క దున్నుతున్నాను, అటువైపు నుంచి చాళ్లు ఇంకా బాగా వంగుతాయి, పొద్దున్నే రా' అన్నాడు.