ముందు ఇరవై గ్రాములు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

నూలు వడికే చిన్న చేతికదురు, అదే తకిలి కొన్నానని, కిలో దూది తెప్పించానని, సంక్రాంతి లోపల నూలు వడికి, రంగు వేసి, మీ అమ్మకు శాలువా అల్లి ఇస్తానని రాశావు. చదివి చాలా సంతోషమేసింది. ఆ కిలో దూదిని మాత్రం మూటకట్టి అటక మీద పెట్టు. అందులోంచి 20 గ్రాములు తూచి తీసుకో. ఆ కాస్త దూదినే వడికి, పేటలు కలిపి, ఉడకబెట్టి, రంగు వేసి, జానెడు గుడ్డ అల్లి, ఉతికి ఆరేసేదాకా తీసుకెళ్లు. మిగతాది ఆ తర్వాతే ముట్టుకో. ఈ పనిలో తప్పు జరిగినచోట కనబడదు. దూది సరిగా ఏకలేదని, అంటే దువ్వి విడదీయలేదని, వడికేటప్పుడు తెలుస్తుంది. పురి, అంటే నూలుకు పెట్టే మెలి, తక్కువైందని అల్లేటప్పుడు తెలుస్తుంది. జిడ్డు పోకుండానే రంగు వేశామని నాలుగు ఉతుకులయ్యాక తెలుస్తుంది. కిలో వడికాక తెలిస్తే చేసేదేముంది?

ముందు దూది సంగతి. మందుల షాపులో దొరికే తెల్లదూది పనికిరాదు. దానిలో పత్తికి సహజంగా ఉండే మైనం లాంటి జిడ్డంతా తీసేస్తారు. పోచలూ పొట్టివి, ఒకదాని మీద ఒకటి జారవు. పాత పరుపుల్లోంచి తీసిన దూదీ వద్దు, అది నలిగి విరిగిపోయి ఉంటుంది. ఆ ఏడాది పత్తి, గింజ తీసి బేలులో గట్టిగా అదమనిది కావాలి. చిటికెడు లాగి నల్లగుడ్డ మీద పరిచి కొలువు. పోచ అంగుళం ఉంటే కొత్తచేతికి సుఖం. వత్తులు చేసే అలవాటున్న చేతికి ఈ పని సగం వచ్చినట్టే. లక్షవత్తుల నోముకు దూదిలోంచి పోగు తీసేటప్పుడు వేళ్లు ఎంత వదులుగా ఉంటాయో గుర్తు తెచ్చుకో, ఇక్కడా అంతే వదులు కావాలి.

ఏకడానికి ప్రత్యేకమైన దువ్వెనలు కొననక్కర్లేదు. కుక్కలను దువ్వే సన్నతీగల బ్రష్షులు రెండుంటే చాలు. ఒక బ్రష్షు మీద గ్రాము దూది పలచగా పరిచి, రెండోదాన్ని పైపైన తగిలీ తగలనట్టు లాగు. తీగలు రెండూ ఒకదానిలో ఒకటి దిగేలా అదిమితే పోచలు తెగి ఆవగింజలంత ఉండలు కడతాయి, అవి నూలులోకి వచ్చి చేరతాయి, ఇక పోవు. నాలుగైదుసార్లు దువ్వితే పొర మబ్బుతునకలా అవుతుంది. దాన్ని పెన్సిలంత పుల్లకు మెత్తగా చుట్టి, పుల్ల లాగేస్తే ఏకు తయారు. జానెడు పొడవు చాలు. 20 గ్రాములకు ఇరవై ఏకులు వస్తాయి. డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పక్కపక్కన పెట్టు, అణిగిపోతే మళ్లీ ఏకాల్సిందే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లవరస గింజ పక్కనున్న పోచలను తెగకుండా సరిచేస్తుంది, చెత్తను వదిలిస్తుంది. వాళ్లు వంద కౌంటు నూలు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) తీయగలగడం వెనుక వడికే చెయ్యి ఎంతుందో, ఈ దువ్వడమూ అంతే ఉంది. అందుకే ఏకడానికి గంట పట్టినా విసుక్కోకు.

ఇక తకిలి. దాని కొనను చిన్న పింగాణీ గిన్నెలో ఆనించు. గాలిలో వేలాడదీస్తే ఆ బరువుకు పత్తిపోగు తెగుతుంది. జానెడున్నర దారం ముక్కను కాడకు కట్టి, పైన కొక్కేనికి తగిలించి, దాని చివర ఏకు కొసను రెండు అంగుళాల మేర కలిపి పట్టుకో. కుడిచేత్తో తకిలిని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పు. ఎడమచేత్తో ఏకును పైకి లాగు. వేళ్లు ఏకును పట్టుకోవాలే గాని నొక్కకూడదు. పోగు బొద్దుగా వచ్చినచోట కంగారుపడి తుంచకు. లావుగా ఉన్నచోట పురి సరిగా ఎక్కదు, సన్నగా ఉన్నచోటికి పరుగెత్తుతుంది. కాబట్టి ఇంకాస్త లాగితే ఆ బొద్దు దానంతటదే సాగి సన్నబడుతుంది. మూరెడు పోగు వచ్చాక లాగడం ఆపి, తకిలిని మరో రెండుమూడు విసుర్లు తిప్పి, అప్పుడు కాడకు చుట్టు. చివర పెట్టే ఈ పురినే కొత్తవాళ్లు మరిచిపోతారు.

పోగు తెగినప్పుడల్లా కొసలు చూడు. రెండు కొసలూ కుచ్చులా విడిపోయి ఉంటే పురి చాలక పోచలు జారిపోయాయన్నమాట. కొసలు కత్తిరించినట్టు మొండిగా ఉంటే పురి ఎక్కువైంది, లేదా అక్కడ మరీ సన్నబడింది. పురి అతిగా ఎక్కిన నూలు వదులివ్వగానే పాములా మెలికలు పడి ముళ్లు కడుతుంది, తాకితే తీగలా గరుకుగా ఉంటుంది. ఏకు మేకవడమంటే అక్షరాలా ఇదే. ఉన్ని పోచ పొడుగు కాబట్టి కొద్ది పురితోనే నిలబడుతుంది. పత్తి పోచ పొట్టి, దానికి పురే ప్రాణం. అందుకని తక్కువ, ఎక్కువల మధ్య తటపటాయింపు వస్తే ఎక్కువ వైపే మొగ్గు. ఎక్కువైన పురి పేటలు కలిపేటప్పుడు కొంత విప్పుకుంటుంది, చాలని పురిని తర్వాత పెట్టడం కష్టం.

తెగిన పోగుకు ముడి వెయ్యకు. కొసను అంగుళంన్నర మేర విప్పి, కొత్త ఏకు పోచలను దానిమీద పరిచి తిప్పు. ముడులు అల్లికలో ఒక్కొక్కటీ వేలికి తగులుతాయి. ఎండలు మండే మధ్యాహ్నం దూది ఎండిపోయి చేతికి అంటుకుంటుంది, ఎగురుతుంది, పోగు ఊరికే తెగుతుంది. పత్తికి కాస్త తేమ ఉంటేనే బలం. మిల్లుల్లో నీటి తుంపర చల్లేదీ అందుకే. తెల్లవారగట్ల కూర్చుంటే నీకూ, నూలుకూ హాయి.

నీ నూలు ఎంత సన్నమో కొలవడం తేలిక. పది మీటర్లు కొలిచి, నగలు తూచే చిన్న త్రాసులో పెట్టు. గ్రాముకు ఎన్ని మీటర్లు వచ్చాయో దాన్ని 1.7తో భాగిస్తే కౌంటు వస్తుంది. పది మీటర్లు ముప్పావు గ్రాము తూగితే సుమారు 8 కౌంటు. అల్లికకు అది చక్కగా సరిపోతుంది. ఇంకా సన్నం తియ్యాలన్న పట్టింపు ఇప్పుడు వద్దు.

ఒంటిపోగుతో అల్లకూడదు. ఒకే వైపు పురి ఉన్న నూలుతో అల్లిన చదరం ఉతకగానే ఒక పక్కకు వాలిపోతుంది. మూడు పోగులు కలిపి ముప్పేట చెయ్యి. నూలును మూడు సమాన భాగాలుగా చిన్న ఉండలు చుట్టి, మూడు గ్లాసుల్లో వేసుకుని, మూడు కొసలూ వేళ్ల సందుల్లోంచి తీసుకుని తకిలికి కట్టు. ఈసారి తకిలి ఎదురువైపు తిరగాలి. ఒంటిపోగు పురి కొంత విప్పుకుంటూ మూడూ ఒకదాన్నొకటి కావలించుకుంటాయి. జంధ్యం వడికేవాళ్లు మూడు పోగులను ఒకటి చేసి, దాన్ని మళ్లీ మూడింతలు చేస్తారు కదా, తొమ్మిది పోగులు కలిసీ నున్నగా ఉండడం ఈ ఎదురుపురి వల్లే. మూరెడు ముప్పేట నూలును మధ్యకు మడిచి వేలాడదియ్యి. తిరగకుండా నిలకడగా ఉంటే సరిపోయింది. పేటలు కలిపిన వైపుకే మెలి తిరిగితే పేటపురి ఇంకా చాలదు, ఎదురువైపు తిరిగితే ఎక్కువైంది. కొద్దిపాటి మెలికను ఉడకబెట్టినప్పుడు వేడే సర్దేస్తుంది.

నూలును కుర్చీ వీపుకు చుట్టి, ఆ వదులు చుట్టను చిలపగా తియ్యి. నాలుగు చోట్ల ఎనిమిది అంకె ఆకారంలో, వదులుగా, తెల్ల నూలుదారంతో కట్టు. బిగించి కడితే అక్కడ రంగు దిగక తెల్లమచ్చ మిగులుతుంది. ఇప్పుడు లీటరు నీళ్లలో అర టీస్పూను చాకలిసోడా, కాస్త సబ్బుపొడి వేసి, చిలప ముంచి గంటసేపు ఉడికించు. వంటసోడా కాదు, బట్టలసోడా. తెల్లటి పత్తిలోంచి నీళ్లు టీ డికాషన్ రంగులో దిగుతాయి. మైనం, మట్టి వదిలాయన్న గుర్తది. కడిగి ఆరబెట్టాక ఒక కొసను నీళ్ల మీద వెయ్యి. వెంటనే మునిగితే రంగుకు సిద్ధం, తేలితే మళ్లీ ఉడికించు. ఈ మెట్టు దాటవేసి, తర్వాత రంగు మంచిది కాదని తిట్టుకునేవాళ్లు చాలామంది.

రంగు విషయంలో పత్తికి ఒక స్వభావం ఉంది. ఉన్నీ, పట్టూ పటికను నేరుగా పట్టుకుంటాయి. పత్తి అలా పట్టుకోదు, దానికి ముందు కరక్కాయ వగరు కావాలి. శ్రీకాళహస్తిలోనూ, పెడనలోనూ కలంకారీ బట్టను మొదట కరక్కాయ నీళ్లలోనే ముంచుతారు. నీ 20 గ్రాముల నూలుకు 4 గ్రాముల కరక్కాయ పొడిని వేడినీళ్లలో నానబెట్టి, వడగట్టి, ఆ నీళ్లలో చిలపను రాత్రంతా ఉంచు. పొద్దున పిండి, కడగకుండా నీడన ఆరబెట్టు. తర్వాత 4 గ్రాముల పటికను వేడినీళ్లలో కరిగించి, చాకలిసోడా రెండు చిటికెలు మెల్లగా వెయ్యి. నురగ పొంగుతుంది కాబట్టి పెద్ద గిన్నె పెట్టుకో. చల్లారాక చిలపను వేసి మళ్లీ రాత్రంతా ఉంచి, పైపైన ఒక్కసారి జాడించు. వంటకు వాడే గిన్నెలు ఈ పనికి వాడకు. స్టీలువి విడిగా రెండు పెట్టుకో. ఇనుపగిన్నె అయితే కరక్కాయ వగరుతో కలిసి అంతా నల్లబారుతుంది. కలంకారీ నలుపు పుట్టేది సరిగ్గా ఆ కలయికలోనే. కానీ ఇనుము ఎక్కువైతే పత్తి కొన్నాళ్లకు పెళుసెక్కి చిరుగుతుంది.

ఎరుపుకు మంజిష్ఠ వేరు పొడి నూలు బరువంత, అంటే 20 గ్రాములు, పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రి నానబెట్టు. మూట కట్టకపోతే ఆ నలకలు నూలులో ఇరుక్కుంటాయి. తడిపిన చిలపను చల్లని రంగునీళ్లలోనే వేసి, సన్నసెగ మీద గంటసేపు మెల్లగా వేడెక్కించి, ఇంకో గంట ఆ వేడిమీదే ఉంచి, అందులోనే చల్లారనివ్వు. తొందరపడి వేడి పెంచితే మచ్చలుగా ఎక్కుతుంది. నీళ్లనూ చూసుకో. బోరునీళ్లలో ఇనుము ఉంటే ఏ రంగైనా మసకబారుతుంది. ఒకప్పుడు కోరమాండల్ బట్టల ఎరుపుకు పేరు తెచ్చిన చిరివేరు, నిజాంపట్నం ప్రాంతంలో గుల్లసున్నం కలిసిన ఇసుకనేలల్లో పెరిగింది. ఎరుపుకూ సున్నానికీ అంత చుట్టరికం.

పసుపుపచ్చకు దానిమ్మ తొక్క మంచిది. నూలు బరువంత ఎండుతొక్క ఉడకబెట్టి వడగడితే చాలు. వంటింటి పసుపు మాత్రం వాడకు. ఎండకు వారంలో వెలిసిపోతుంది. పైగా సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, హారతి ఎర్రనీళ్లలో పసుపుకు సున్నం తగిలినట్టే.

నీలి తొట్టి ఇప్పుడే పెట్టకు, మూడో చిలపకు చూద్దాం. లెక్క మాత్రం రాసుకో: నీలిమందు ఒక పాలు, చల్లార్చిన సున్నం రెండు పాళ్లు, బెల్లం మూడు పాళ్లు. నీళ్లు పచ్చగా మారి పైన రాగిరంగు మీగడ కడితేనే ముంచాలి. కరక్కాయా పటికా అక్కర్లేదు. ఒకేసారి అరగంట ముంచేకంటే ఐదేసి నిమిషాలు ఐదారుసార్లు ముంచి, మధ్యలో గాలికి నీలం తిరిగేదాకా ఆరనిస్తే రంగు చేతికి అంటదు.

అల్లికకు 3 మిల్లీమీటర్ల వెదురు సూదులు తీసుకో. ఇనుపసూదుల మీద పత్తినూలు జారిపోతుంది. 36 కుట్లు ఎక్కించి, అన్ని వరుసలూ నిట్ కుట్టుతోనే, చదరం అయ్యేదాకా అల్లు. పత్తికి ఉన్నిలా సాగి వెనక్కి వచ్చే గుణం లేదు కాబట్టి కుట్లు బిగిస్తే నీ మణికట్టే నొస్తుంది. సూది మొన మాటిమాటికీ పేటల మధ్య దిగబడుతుంటే పేటపురి చాలలేదు. గుడ్డ గోనెలా గట్టిగా వస్తే నూలుకు సూది సన్నమైంది. దించాక వేడినీళ్లతో ఉతికి, చదునుగా ఆరేసి, అప్పుడు కొలువు. ఉతకకముందు కొలత లెక్కలోకి రాదు. ఆపైన రెండు క్లిప్పులతో ఒక పూట వేలాడదీసి, ఎంత సాగిందో కూడా రాసుకో. శాలువా భుజం మీద అలాగే సాగుతుంది.

ఇప్పుడు నీ శాలువా లెక్క. 15 సెంటీమీటర్ల చదరం 10 గ్రాములు తూగిందనుకో. 150 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు గుడ్డ దానికి 33.3 రెట్లు, అంటే 333 గ్రాములు. తరుగు కలిపితే 385. ఒంటిపోగుగా అది 5,200 మీటర్లు. తకిలి మీద గంటకు 60 మీటర్లు తీస్తావనుకున్నా, ఒక్క వడకడానికే 87 గంటలు. రోజుకు గంట కూర్చున్నా మూడు నెలలు. సంక్రాంతికి ఒక మెడపట్టీ అల్లు, శాలువా వచ్చే చలికాలానికి అవుతుంది. అప్పటికీ ఈ పని నచ్చుతుంటే పెట్టె చరఖా కొను. గాంధీగారు యెరవాడ జైల్లో ఉన్నప్పుడు రూపు దిద్దుకున్నది అదే, మడిస్తే పుస్తకంలా చంకలో ఇముడుతుంది.

చదరం ఆరాక దాన్నీ, జానెడు ఒంటిపోగునూ, జానెడు ముప్పేటనూ ఒక కవరులో పెట్టి నాకు పంపు. పటిక ఎంత వేశావో, నీళ్లు బోరువో కుళాయివో, ఉతకకముందు ఉతికాక కొలతలెంతో చీటీ మీద రాసి దారంతో కట్టు. చదరం వాలిందో లేదో చూసి, రెండో ఇరవై గ్రాములకు ఏం మార్చాలో రాస్తాను.

మీ పెద్దమ్మ