ఇంటర్ అయింది, ఫైర్‌మ్యాన్ అవ్వాలంటే ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చెయ్యాలా?

అక్కర్లేదు తమ్ముడూ. తెలంగాణలో ఫైర్‌మ్యాన్‌కి ఇంటర్ పాసైతే చాలు, కానిస్టేబుల్ పోస్టులతో కలిపే నోటిఫికేషన్ పడుతుంది. 2022లో మగవాళ్ళకి 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చెయ్యమన్నారు. ఆ డిప్లొమా ఊసే లేదు. మా మేనల్లుడు ఎవరో 'గవర్నమెంట్ జాబ్ గ్యారంటీ' అంటే నమ్మి ఆ డిప్లొమాకి అరవై వేలు కట్టొచ్చాడు, ఇప్పుడు ఫ్యాక్టరీలో సేఫ్టీ డ్యూటీ చేస్తున్నాడు. చెడ్డ పనేం కాదు గానీ వాడు అడిగింది అది కాదు కదా.

అసలు చదువు సెలెక్ట్ అయ్యాకే. మా ఫైర్‌మ్యాన్లకి హైదరాబాద్ దగ్గర వట్టినాగులపల్లిలో ట్రైనింగ్. హోస్ (నీళ్ళ పైపు) డ్రిల్లు, నిచ్చెన డ్రిల్లు ఒళ్ళు హూనం చేస్తాయి, అయినా నాలుగు రోజులకి అలవాటవుతాయి. పొగ గది అలా కాదు. వీపున గాలి సిలిండర్, మొహానికి మాస్కు, లోపల నీ చెయ్యి నీకే కనపడదు. అరచేత్తో కాదు, చేతి వెనక వైపుతో గోడ తడుముతూ పొమ్మంటారు, ఎందుకంటే కరెంటు తీగ తగిలితే అరచెయ్యి దాన్ని పట్టేసుకుంటుంది. నేను మధ్యలో గోడ వదిలేశాను. అంతే, టెన్షన్‌లో కుక్కలా రొప్పడం మొదలెట్టా, అరగంట పైన రావాల్సిన గాలి పావుగంటకే అయిపోవచ్చి సిలిండర్ హెచ్చరిక విజిల్ మోగింది. చెవి పక్కనే మోగుతుందది, ఆ చప్పుడుకి ఇంకా రొప్పు. ఇన్‌స్ట్రక్టర్ సారు నా బెల్టు పట్టుకుని కిందికి లాగి, "ముందు కూర్చోరా, ఊపిరి లెక్కపెట్టు" అన్నాడు. పది లెక్కపెట్టేసరికి విజిల్ మోగుతూనే ఉంది కానీ బుర్ర పనిచేసింది, గోడ మూరెడు దూరంలోనే ఉంది.

పదహారేళ్ళ సర్వీసులో నాకు అన్నం పెట్టింది ఆ పది అంకెలే. ఇది ఏ డిప్లొమాలో చెప్తారు? అసలు మంట దగ్గరికి చేరడమే పెద్ద పరీక్ష అనుకో, సైరన్ మోగించుకుంటూ వెళ్తుంటే ఎవడూ పక్కకి జరగడు, పైగా మా వెనకే దూరి సిగ్నల్ దాటే బైకులోళ్ళు! అపార్ట్‌మెంట్ల వాళ్ళు మెట్ల కింద సైకిళ్ళు, పాత పరుపులు పేర్చి మమ్మల్ని ఆలస్యంగా వచ్చారంటారు.

ఆ ఫీజు డబ్బుల్లో రెండు వేలు పెట్టి మంచి రన్నింగ్ బూట్లు కొనుక్కో. రోడ్డు మీదైతే మోకాళ్ళు పోతాయి, మట్టి గ్రౌండ్‌లో పరిగెత్తు.