కరెంటు కిల్న్ పెట్టిన రోజే తలనొప్పి… ఆక్సీమీటర్ 98 చూపిస్తే నిశ్చింతేనా?

ప్రశ్న: నా వయసు 41. మధురవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మట్టి పాత్రలు చేయడం నాకు సరదా. బాల్కనీ పక్కనున్న చిన్న గదిలో కరెంటు కిల్న్ (బట్టీ) పెట్టుకుని కాలుస్తుంటాను. కాల్చిన రోజు మధ్యాహ్నానికల్లా తల పగిలిపోయేంత నొప్పి, వికారం, గొంతులో మంట. సాయంత్రం బీచ్‌కి వెళ్లొస్తే తగ్గిపోతుంది. పక్క గదిలో చదువుకునే మా అబ్బాయి కూడా ఆ రోజు తలనొప్పి అంటాడు. ఆక్సీమీటర్‌లో 98 చూపిస్తోంది. మైగ్రేన్ అనుకుని మాత్రలు వేసుకుంటున్నాను. పాత్ర తేలిగ్గా ఉంటుందని మట్టిలో న్యూస్‌పేపర్ గుజ్జు కలుపుతాను. వానాకాలంలో సగం పాత్రలు లోపలే పగిలిపోతున్నాయి. కిల్న్‌కీ ఈ బాధలకీ సంబంధం ఉందంటారా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉందనే నా అనుమానం. ఇల్లు దాటి గాలిలోకి వెళ్తే తగ్గడం, అదే రోజు మీ అబ్బాయికీ రావడం... ఈ రెండూ చూస్తే మైగ్రేన్ కంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గురించి ఆలోచించాలి. మైగ్రేన్ అయితే తల్లీకొడుకులకు ప్రతిసారీ కిల్న్ పెట్టిన రోజే కలిసి రాదు కదా!

మంట లేదు, పొగ లేదు, కరెంటే కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ కాలే సరుకు మట్టిలోనే ఉంది. ఏ మట్టిలోనైనా ఆకు, వేరు కుళ్లిన పదార్థం కొంత ఉంటుంది. మీరు దానికి కాగితం గుజ్జు కూడా కలుపుతున్నారు. సుమారు 300 నుంచి 800 డిగ్రీల మధ్య ఇదంతా కాలిపోతుంది. మూత బిగించిన కిల్న్‌లో గాలి చాలక అరకొరగా కాలి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. గొంతు మంటకు కారణం ఇంకొకటి కావచ్చు. మట్టిలోని గంధకం కాలితే వచ్చే వాయువు గొంతును, ఊపిరితిత్తులను రేపుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ ఇబ్బంది.

లోపల ఎర్రగా మండుతున్నప్పుడే ప్రమాదమని అందరూ అనుకుంటారు. ఈ వాయువుల విషయానికొస్తే పచ్చి పాత్రల మొదటి కాల్పులో, ఇంకా వేడి పెరుగుతున్న ఆ మొదటి గంటలే చెడ్డవి. మీకు మధ్యాహ్నానికి నొప్పి మొదలవడం దీనికి సరిపోతోంది.

ఇక ఆక్సీమీటర్. కోవిడ్ తర్వాత ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది, దాన్ని అతిగా నమ్మడమూ అలవాటైంది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ అంటుకుందా, కార్బన్ మోనాక్సైడ్ అంటుకుందా అన్న తేడా ఆ పరికరానికి తెలియదు. రెండింటినీ కలిపి 98 అని చూపించేస్తుంది. అసలు సంగతి తేలాలంటే కార్బాక్సీహిమోగ్లోబిన్ రక్తపరీక్ష చేయించాలి, అదీ నొప్పి ఉండగానే. మంచి గాలిలో నాలుగైదు గంటలకే ఈ వాయువు సగానికి పడిపోతుంది. బీచ్‌కి వెళ్లి, పడుకుని లేచి మర్నాడు ల్యాబ్‌కి వెళ్తే రిపోర్టు నార్మల్ అనే వస్తుంది.

అలాగని పరీక్ష కోసం మళ్లీ ఆ గదిలో కాల్చకండి. ముందు కిల్న్ వాయువులను గొట్టం ద్వారా నేరుగా బయటికి లాగేసే వెంట్ పెట్టించండి. గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటే ఉంటే చాలదు, బయటి గాలి లోపలికి రావడానికీ దారి ఉండాలి. గొట్టం పక్క ఫ్లాట్ కిటికీ వైపు తిరగకుండా చూసుకోండి. అబ్బాయి గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టండి. ఎప్పుడైనా కాళ్లు తేలిపోతున్నా, మాట తడబడినా, ఎవరైనా స్పృహ తప్పినా కిల్న్ సంగతి తర్వాత. ముందు అందరూ బయటికి వచ్చేసి 108కి ఫోన్ చేయండి. కేజీహెచ్‌కి వెళ్లినా, దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లినా ‘ఇంట్లో కిల్న్ నడుస్తోంది’ అని మొదటే చెప్పండి. చెప్పకపోతే గ్యాస్ట్రిక్ అనుకునే అవకాశం ఉంది.

పాత్రలు పగలడం నా శాఖ కాదు గానీ, కారణం మాత్రం తేలికే. మన వైజాగ్ గాలిలో వానాకాలం మట్టి ఓ పట్టాన ఆరదు. పైకి పొడిగా కనిపించినా, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే. ఆ నీరు ఆవిరైతే 1600 రెట్లకు పైగా ఉబ్బుతుంది. మందమైన అడుగు దాన్ని తట్టుకోలేదు. 80–90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఆపి, ఆ తర్వాతే నెమ్మదిగా వేడి పెంచండి. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా సైజు మారుతుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ తొందర పనికిరాదు. ఎలా వచ్చాయో చూద్దామన్న ఆత్రంతో మూత తెరవకండి. 100 డిగ్రీల లోపుకు దిగాకే తెరవండి. అన్నట్టు, నైలాన్ చీర, చున్నీ వేసుకుని కిల్న్ దగ్గరికి వెళ్లొద్దు. చేయి కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టండి. టూత్‌పేస్టు, సిరా రాయకండి.

కాల్చని రోజుల్లో కూడా దగ్గు వస్తోందా? మీరు రాయలేదు. వస్తుంటే ఎండిన మట్టి పొడిని అనుమానించాలి. అందులోని సిలికా ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతో తుడవండి. పాత్రల అంచులు గీకేటప్పుడు, గ్లేజ్ (పాత్రలకు పూసే గాజులాంటి పూత) పొడి కలిపేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకోండి, గుడ్డ మాస్క్ దీనికి చాలదు. గ్లేజ్ కొనేటప్పుడు సీసం లేనిదే అడగండి. ఇంతకుముందు ఊరూపేరూ లేని డబ్బాలు వాడి ఉంటే రక్తంలో సీసం పరీక్ష కూడా చేయించుకోండి. కిల్న్ రంధ్రంలోంచి మెరుపు చూడటానికి మామూలు కూలింగ్ గ్లాసెస్ వద్దు. ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే అద్దాలు కావాలి, లేకపోతే కాలక్రమంలో కంట్లో శుక్లం రావచ్చు.

ఈలోగా ఓ పల్మనాలజిస్టును కలిసి స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించుకోండి. అబ్బాయినీ వెంట తీసుకెళ్లండి. కిల్న్ ఆపేశాక కూడా తలనొప్పి వస్తూనే ఉంటే అప్పుడు మైగ్రేన్ గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడొచ్చు. అంతవరకు ఆ మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.