అరుంధతి కంటికి ఆనాలంటే

ప్రశ్న: మాఘంలో మా అమ్మాయి పెళ్లయింది. రాత్రి ఎనిమిదిన్నరకు పురోహితులు మండపం బయటికి తీసుకెళ్లి అరుంధతిని చూపించారు. ఒక్కరికీ కనిపించలేదు. అరుంధతి కనపడనివాళ్లకు ఆర్నెల్లలో ఆయువు మూడుతుందంటారని మా అత్తగారు ఒకటే దిగులు. – ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అత్తగారిని నిశ్చింతగా ఉండమనండి. ఫిబ్రవరి మధ్యలో ఆ చుక్క మీ ఊళ్లో పొడిచేదే రాత్రి ఎనిమిది దాటాక. ఎనిమిదిన్నరకు ఈశాన్యంలో నేలను అంటుకునే ఉంటుంది, ప్రహరీగోడ చాలు కప్పేయడానికి. పదకొండింటికైతే 23 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. కార్తీకం పెళ్లిళ్లలో తెల్లవారుజామున రెండు, మూడు గంటలైతే గానీ రాదు. శ్రావణంలో నయం, రాత్రి ఎనిమిదింటికి వాయవ్యంలో 30 డిగ్రీల పైనే ఉంటుంది. పగటి ముహూర్తాల్లో చూపించేది దిక్కునే.

మే చివరివారంలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరంగా తిరిగి చూడండి. సగం ఎత్తుకు కాస్త పైన సప్తర్షి మండలం బోర్లించిన గరిటెలా ఉంటుంది, కాడ కుడివైపుకు. కాడలో మూడు చుక్కలు: అంగీరసుడు, వశిష్ఠుడు, మరీచి. నడిమివాడైన వశిష్ఠుడి మీద ముందు చూపు నిలపండి. అతనికి కుడిపక్కన, రవ్వంత కిందుగా ఉన్న చిన్న చుక్కే అరుంధతి. స్థూలారుంధతీ న్యాయమంటే ఇదే.

ఇద్దరి మధ్య ఎడం 12 ఆర్క్ నిమిషాలు (ఆర్క్ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు), అంటే పున్నమి చంద్రుడి వెడల్పులో ఐదింట రెండు వంతులు. ఒకటి రెండు నిమిషాల ఎడాన్నే విడదీసే కంటికి ఇదేమీ కష్టం కాదు. చిక్కంతా వెలుగుతోనే. వశిష్ఠుడి ప్రకాశాంకం 2, అరుంధతిది 4; ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. అతని వెలుగులో ఆమెది ఆరో వంతు. మండపం సీరియల్ లైట్ల కింద అది మాయమైపోతుంది. లైట్లకు దూరంగా, ఫోన్ జేబులోనే ఉంచి, 20 నిమిషాలు చీకట్లో ఉండండి. దూరపు చూపు అద్దాలుంటే పెట్టుకోండి. అప్పటికీ అనుమానంగా ఉంటే చుక్కకు కొంచెం పక్కగా చూడండి, మసక వెలుగు కంటి కొసకే బాగా ఆనుతుంది. ఇదివరకు పల్లెటూరి చీకట్లో చూడగలిగినవారికి ఇప్పుడు అదే చీకట్లో కనపడకపోతే కంటి డాక్టరుకు చూపించండి, శుక్లం కావచ్చు.

ప్రశ్న: మామూలు జంట నక్షత్రాల్లో ఒకటి కదలకుండా ఉంటే రెండోది తిరుగుతుందట, అరుంధతీ వశిష్ఠులు మాత్రం ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారట. వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మొదటి సగమే తప్పు. ఏ జంట అయినా రెండూ కలిసి ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. అరుంధతీ వశిష్ఠులు మనకు 80 కాంతి సంవత్సరాలకు కాస్త అవతల ఉన్నారు. వాళ్ల మధ్య దూరం ఎంత తక్కువ వేసుకున్నా భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నదానికి దాదాపు 18 వేల రెట్లు. ఒక చుట్టు తిరిగినా అందుకు లక్షల ఏళ్లు పడుతుంది. ఇద్దరూ ఆకాశంలో ఒకే దిశగా సాగుతున్న మాట మాత్రం నిజం.

మెసేజ్ రాసినవాళ్లు వదిలేసిన అసలు విశేషం వేరే ఉంది. వశిష్ఠుడు టెలిస్కోప్‌లో రెండుగా విడిపోతాడు. గెలీలియో శిష్యుడు కాస్టెల్లి 1617లోనే ఆయనకు ఆ సంగతి రాశాడు. ఆ రెండింటిలో ఒక్కొక్కటీ మళ్లీ జంటే. అవి వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో) గీతల కదలికను బట్టి బయటపడ్డాయి, మొదటిది 1889లో. దాని పరిభ్రమణ కాలం దాదాపు 20 రోజుల 13 గంటలు. 2009లో అరుంధతి పక్కన ఓ ఎర్ర మరుగుజ్జు (చిన్న, మసక నక్షత్రం) దొరికింది. వెరసి ఆరు.

ప్రశ్న: 70 మిల్లీమీటర్ల టెలిస్కోప్ కొన్నాం, నాభ్యంతరం 700. వశిష్ఠుడు ముద్దలాగే ఉన్నాడు, విడిపోవడం లేదు. – ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: వశిష్ఠుడి రెండు చుక్కల మధ్య ఉన్న 14 ఆర్క్ సెకన్ల (ఆర్క్ నిమిషానికి 60 సెకన్లు) ఎడం మీ టెలిస్కోప్‌కు చాలా తేలిక. 4 మిల్లీమీటర్ల ఐపీస్‌కు (కన్ను పెట్టి చూసే కటకానికి) 3 రెట్ల బార్లో (రెట్లు పెంచే అదనపు కటకం) తగిలించి ఉంటారు, అది 525 రెట్లు. ముద్ద తప్ప ఇంకేమీ రాదు. బార్లో తీసేసి 20 ఐపీస్ పెట్టండి. 35 రెట్లలో అరుంధతి కూడా అదే దృశ్యంలో ఉంటుంది. తరవాత 10 లేదా 12 పెడితే వశిష్ఠుడు శుభ్రంగా రెండవుతాడు. ఏసీ గదిలోంచి తెస్తే ముందు అరగంట బయట ఉంచండి, లేకపోతే కటకం మీద చెమ్మ పడుతుంది. స్టార్ డయాగనల్ (ఐపీస్ ముందు ఉండే వంపు అద్దం గొట్టం) కుడి ఎడమల్ని తారుమారు చేస్తుంది కాబట్టి అరుంధతి ఎడమవైపు కనిపిస్తే కంగారుపడకండి. ఇద్దరి మధ్యలో ఉన్న మసక చుక్కకు ఈ కుటుంబంతో సంబంధం లేదు, అది ఎంతో వెనకాల ఉన్న వేరే తార.