పెన్షన్ తీసుకునే అవ్వలు స్టాఫ్‌కి ఎదురు మాట్లాడతారెందుకు?

అది ఎదురు మాట్లాడడం కాదండీ, పరువు నిలబెట్టుకోవడం. మా అనంతపురం పల్లెల్లో ఏళ్ల తరబడి శెనక్కాయలు ఒలిచి ఒలిచి వేలిముద్రలు అరిగిపోయిన అవ్వలు శానామంది, పెన్షన్ ఇచ్చేటప్పుడు మిషన్‌లో వేలిముద్ర పడకపోతే వాళ్లు మనుషులే కానట్టు మాట్లాడతారు కొందరు స్టాఫ్. మా పక్కింటి అవ్వ అయితే "నేను నేను కాదని అది చెప్తాదా, ఊరంతా ఎరుగు నన్ను" అని గడప మీద నుంచి కదల్లేదు, చివరికి ముఖం స్కాన్ చేసి ఇచ్చినారు. "ఏయ్ ముసల్దానా" అంటే పలకదు, "అవ్వా" అంటేనే పలుకుతాది. 2024 జూలైలో వృద్ధాప్య పెన్షన్ 3000 నుంచి 4000 అయింది, కొడుకు ముందర చెయ్యి చాపకుండా బతికే డబ్బు అది, దాన్ని దానంలా పడేస్తే ఎట్ల ఊరుకుంటారు? కాగితంలో "వితంతువు" అని ఉంటాది, మా పక్కింటి అవ్వ మాత్రం "నాలుగెకరాలు సేద్యం చేసినదాన్ని" అనే చెప్పుకుంటాది.