బఫర్ 500 ఇస్తే మ్యాపంతా ఎందుకు నిండిపోతోంది?

జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) అంటే మ్యాపులు గీయడమేనా అన్నది మీ మొదటి ప్రశ్న. ఆసుపత్రుల చుట్టూ 500 మీటర్ల బఫర్ (అంత దూరం వరకు గీసే వలయం) అడిగితే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ తెరంతా ఒకే రంగు ఎందుకు పూసేసింది అన్నది రెండోది. ముందు రెండోది చూద్దాం, మొదటిదానికి దారి అందులోనే ఉంది.

మీ పాయింట్లు డబ్ల్యూజీఎస్ 84 అనే కోఆర్డినేట్ వ్యవస్థలో, అంటే ఈపీఎస్‌జీ కోడ్ 4326లో ఉన్నాయి. అక్కడ కొలత డిగ్రీల్లో ఉంటుంది. మీరిచ్చిన 500ని సాఫ్ట్‌వేర్ 500 డిగ్రీలనుకుంది. భూమి చుట్టూ తిరిగొచ్చినా 360 డిగ్రీలే కదా! అలాగని 500 మీటర్లను డిగ్రీల్లోకి మార్చి 0.0045 ఇచ్చి సరిపెట్టుకోకండి. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా సుమారు 111 కిలోమీటర్లే గానీ, రేఖాంశంలో డిగ్రీ ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది సగమే.

లేయర్‌ని (మీ పాయింట్ల పొరని) మీటర్లలో కొలిచే, భూమిని నిలువు జోన్లుగా పంచే యూటీఎం అనే కోఆర్డినేట్ వ్యవస్థలోకి మార్చుకోండి. రేఖాంశానికి 180 కలిపి, 6తో భాగించి, దశాంశాలు వదిలేసి 1 కలిపితే జోన్ వస్తుంది (పడమర రేఖాంశాలకు మైనస్ గుర్తు). తూర్పు 10 డిగ్రీలైతే జోన్ 32. ఉత్తరార్ధగోళంలో కోడ్ 32632, దక్షిణార్ధగోళంలో 32732. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లోని 'రీప్రొజెక్ట్ లేయర్' వాడండి. 'సెట్ లేయర్ సీఆర్‌ఎస్' (సీఆర్‌ఎస్ అంటే కోఆర్డినేట్ వ్యవస్థ) మాత్రం వాడొద్దు, కొత్తవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇదే. అది అంకెల్ని అలాగే ఉంచి పైన పేరు మాత్రం మారుస్తుంది. దాంతో పాయింట్లన్నీ భూమధ్యరేఖ దగ్గర చిన్న చుక్కలా పోగుపడతాయి. వెబ్ మ్యాపులు వాడే 3857లో కూడా మీటర్లే కదా అనిపించవచ్చు. 60 డిగ్రీల దగ్గర అందులో 500 అంటే నేల మీద దాదాపు 250 మీటర్లే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. బఫర్ సరిగ్గా వచ్చాక ఇళ్ల లేయర్‌ని దాని మీద పెట్టి 'ఏ ఇళ్లు దీనికి బయట ఉన్నాయి?' అని అడగండి. వచ్చే జవాబు ఒక పట్టిక, దాన్నే మ్యాపుగా కూడా చూపించవచ్చు. చోటును ఆధారం చేసుకుని డేటాను ప్రశ్నించడమే జీఐఎస్. ఇళ్లు, రోడ్లు, హద్దులు పాయింట్లు, గీతలు, ఆకారాలుగా ఉండే వెక్టర్. ఎత్తు, ఉపగ్రహ చిత్రాలు గళ్లగళ్లుగా ఉండే రాస్టర్. వరద ముంపు లెక్కకు రాస్టర్ కావాలి, కానీ 30 మీటర్ల గడిలో 5 మీటర్ల కాలువ కనిపించదు. ఏం అడగబోతున్నారో తేల్చుకున్నాకే డేటా వెతకండి.

సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక ఫైల్) తెచ్చేటప్పుడు ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. తారుమారైతే ఊళ్లు సముద్రంలో తేలవచ్చు. ఆఫ్రికా పశ్చిమాన గినియా సింధుశాఖలో పాయింట్లు కనిపిస్తే, పట్టికలోని ఖాళీ గడుల్లో సున్నాలు పడ్డాయన్నమాట, 0, 0 ఉండేది అక్కడే. షేప్‌ఫైల్ (వెక్టర్ డేటా దాచే ఫైల్ రకం) పంపేటప్పుడు ఎస్‌హెచ్‌పీ ఒక్కటే కాదు, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే కూడా జతచేయాలి. అందులో కాలమ్ పేర్లు 10 అక్షరాలకే తెగిపోతాయి కూడా. కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి జియోప్యాకేజ్ అనే ఫైల్ రకంలోనే సేవ్ చేసుకోండి, అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి.